అర్జీలో ఒక్కటే అడగాలి

ఫిబ్రవరి 7, శనివారం

ఇది పాఠ్య ప్రణాళిక రాసుకోవడానికి తెచ్చుకున్న పుస్తకం. మొదటి పేజీలో వి. దేవకుమారి, ఎస్.జి.టి. అని నా పేరూ బడి పేరూ రాసి వదిలేశాను. ఇందులో ఇలాంటిది రాస్తానని అనుకోలేదు. ఎవరితోనూ చెప్పొద్దన్నారు. చెప్పకుండా ఉండటం నా వల్ల కాదు. అందుకే రాస్తున్నాను.

పొద్దున పదకొండింటికి, మూడో తరగతికి ఎక్కాలు చెప్తుండగా ముంబై నుంచి ఫోన్ వచ్చింది. ఓడ కంపెనీ మనిషి, పేరు ప్రేమ్‌చంద్ అట. మా ఆయన కరుణాకర్ పనిచేసే ఆయిల్ ట్యాంకర్‌ని సోమాలియా వైపు సముద్రపు దొంగలు పట్టుకున్నారు. మంగళవారం జరిగితే శనివారం చెప్తున్నాడు. ఓడలో పదిహేడు మంది. అందరూ మన దేశం వాళ్ళే. అందరూ క్షేమమట.

"క్షేమం అంటే ఏంటండీ?" అన్నాను.

"బతికే ఉన్నారు మేడమ్" అన్నాడు. "బయట మాత్రం చెప్పకండి. ఇక్కడ గోల పెరిగితే అక్కడ వాళ్ళు అడిగేది పెరుగుతుంది."

ఫోన్ పెట్టేసి మళ్ళీ క్లాసులోకి వెళ్ళి ఏడో ఎక్కం చెప్పించాను. ఏడెనిమిదుల దగ్గర పిల్లలు తడబడ్డారు. కొట్టినంత పని చేశాను. పాపం, వాళ్ళేం చేశారు.

తొమ్మిదేళ్ళ కిందట పత్తి జిన్నింగ్ మిల్లు మూసేసినప్పుడు ఆయన్ని ఓడలోకి తోసింది నేనే. ఫిట్టరు ఎక్కడున్నా ఫిట్టరే, మిల్లయితేనేం ఓడయితేనేం అన్నాను. పోయిన నెల ఒక ఫోటో పంపాడు. ఓడ చుట్టూ ఇనుప ముళ్ళతీగ. "అడవిపందులు రాకుండా చేనుకి వేసినట్టు వేశాం చూడు కుమారీ" అన్నాడు. పందులు ఈదుతాయా అని నవ్వాను.

ఫిబ్రవరి 8, ఆదివారం

ముంబై వాళ్ళ రహస్యం ఒక్క రోజు నిలిచింది. మా అమ్మాయి షారోన్ వాళ్ళ పెదనాన్నతో చెప్పింది. దాని మీద కోప్పడలేను, ఇంటర్ పరీక్షలు నెత్తి మీద పెట్టుకుని రాత్రంతా ఏడ్చింది. మా బావగారు జక్రయ్య గారు చర్చిలో సంఘ పెద్ద. మా దగ్గర ప్రార్థన మనవి అంటే మైకులో చెప్పాల్సిందే. "నా తమ్ముడు సముద్రపు దొంగల చేతుల్లో ఉన్నాడు" అని ఆయన మొదలుపెట్టేసరికి నేను తల వంచుకుని కూర్చున్నాను.

మధ్యాహ్నానికి వాకిలి నిండిపోయింది. ఆదెయ్య కూడా కల్లం నుంచి అటే వచ్చాడు, ఒళ్ళంతా మిరపకాయ ఘాటు. ఆయన కూర్చున్న వైపు వాళ్ళందరూ దగ్గారు. రెండేళ్ళ కిందట ఆయనకి నకిలీ విత్తనాల మీద అర్జీ రాసిచ్చాను. కంపెనీ దిగొచ్చి నష్టం కట్టింది.

"టీచరమ్మా, ఇంకెందుకు ఆలస్యం? అర్జీ రాయి. నువ్వు రాస్తే పనయిద్ది" అన్నాడు.

అంత బాధలోనూ నాకు ఆ మాట బాగుంది. అదే నా జబ్బు.

ఫిబ్రవరి 12, గురువారం

ఢిల్లీ నుంచి ఫోన్. ఓడల సంగతి చూసే ఆఫీసులో శ్రీకృష్ణ గారని చిన్న అధికారి. తెలుగు మనిషి కాబట్టి తెలుగు కుటుంబాలతో మాట్లాడే పని ఆయనకి పడింది. చాలా మర్యాదస్తుడు. నా అనుభవంలో అంత మర్యాదగా మాట్లాడేవాళ్ళ చేతిలో ఏమీ ఉండదు.

ఓడ యజమానిది ఒక దేశం. దాని మీద జెండా ఇంకో దేశానిది. లోపలి నూనె మూడో దేశానిది. మనుషులు మాత్రం మనవాళ్ళు.

"అయితే మీదే కదండీ బాధ్యత?"

"మాది కూడానమ్మా."

ఆ 'కూడా' నాకు నచ్చలేదు. అంత ప్రమాదమైన దారిలో పోయే ఓడకి తుపాకి పట్టిన కాపలా మనుషులు లేకుండా మన వాళ్ళని ఎలా ఎక్కనిచ్చారు, ముళ్ళతీగ చుట్టేసి పంపించేస్తారా అని అడిగేశాను. కాపలా పెట్టించాల్సింది జెండా దేశమట. ఆ దేశం ఎక్కడుందో తనకీ మ్యాపులో చూస్తే గానీ తెలియలేదన్నాడు. కనీసం నిజం చెప్పాడు.

"ఇప్పుడు ఏ ప్రభుత్వమైనా చెయ్యగలిగింది రెండేనమ్మా. కంపెనీ వాళ్ళు అడిగింది ఇచ్చుకుంటుంటే చూస్తూ ఊరుకోవడం. లేకపోతే బలగాన్ని పంపడం. ఊరుకుంటే మనవాళ్ళున్న ప్రతి ఓడకీ రేటు కట్టినట్టవుతుంది. పంపితే..."

"పంపితే?"

"చూద్దామమ్మా. కుటుంబాల అభిప్రాయం కూడా ఫైల్లో ఉండాలి. రాసి పంపండి."

ఫైలు అనే మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

ఫిబ్రవరి 14, శనివారం

కనిగిరి నుంచి నసీమున్నీసా వచ్చింది. రెండు బస్సులు మారి, చిన్నదాన్ని చంకనేసుకుని. వాళ్ళాయన మొహిద్దీన్ బాషా అదే ఓడలో వంటవాడు. ఒకప్పుడు మిల్లు క్యాంటీన్లో వండేవాడు. అతన్ని ఓడ ఎక్కించింది మా ఆయనే. ఓడలో అన్నం తినలేకపోతున్నా, మనవాడొకడు కావాలి అని పట్టుబట్టి పిలిపించుకున్నాడు. ఇక్కణ్ణుంచి కారం మూటగట్టుకుని వెళ్ళాడు బాషా.

ఇద్దరం కలిసి ఒకే అర్జీ ఇవ్వాలనుకున్నాం. నేను కాగితం ముందేసుకుని ఏం రాయమంటావు అన్నాను.

"మనుషుల్ని ప్రాణాలతో తెప్పించమని రాయక్కా."

"ఎలా తెప్పించాలో?"

"అది వాళ్ళకి తెలవదా ఏందక్కా? అంతంత చదువులు చదువుకున్నోళ్ళు."

నాకు నవ్వొచ్చింది. ఇరవై ఏళ్ళుగా అర్జీలు రాస్తున్నాను. పింఛన్లు, రేషన్ కార్డులు, హద్దు రాళ్ళు, కరెంటు స్తంభం. నేర్చుకున్నది ఒక్కటే. న్యాయం చెయ్యండి, ఆదుకోండి అని రాస్తే తగు చర్య తీసుకొనబడును అని తిరిగొస్తుంది. ఏం చెయ్యాలో వాళ్ళకి వదలకూడదు. మనమే చెప్పాలి. రెండు చెప్తే తేలికైంది చేసి చేతులు దులుపుకుంటారు. అర్జీలో ఒక్కటే అడగాలి. అదంతా ఆ పిల్లకి పాఠం చెప్పినట్టు చెప్పాను.

"మరి డబ్బులిచ్చి విడిపించమని రాస్తేనో?"

"ప్రభుత్వం ఇవ్వదు. ఇవ్వనిది అడిగితే అర్జీ చెడుతుంది."

"తుపాకులంటే నాకు బయంగా ఉందక్కా."

మన నేవీ వాళ్ళు ఇదివరకు ఓడల్ని విడిపించిన వార్తలు ఫోన్లో తీసి చూపించాను. మన వాళ్ళు ఆషామాషీ మనుషులు కాదన్నాను. చిన్నది ఏడుస్తుంటే దాన్ని ఎత్తుకుని ఊపుతూ తలాడించింది.

ఇలా రాశాను: "తక్షణమే నేవీ కమాండోలను పంపి, బలప్రయోగంతోనైనా మా భర్తలను విడిపించవలసిందిగా ప్రార్థన."

బలప్రయోగంతోనైనా. ఆ మాట పడ్డాక అర్జీకి వెన్నెముక వచ్చినట్టనిపించింది. పైకి రెండుసార్లు చదివాను. నసీం నా పేరు కింద నెమ్మదిగా, ఒక్కో అక్షరం పెట్టుకుంటూ సంతకం చేసింది. ఊళ్ళో ఇంకో రెండు వందల మంది చేశారు.

ఫిబ్రవరి 16, సోమవారం

సెలవు పెట్టి, గుంటూరు కలెక్టరేట్లో సోమవారం అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌కి వెళ్ళాను. కంప్యూటర్ దగ్గరి అబ్బాయి ఏ శాఖ అన్నాడు. సముద్రపు దొంగలు అన్నాను. లిస్టు పైనుంచి కిందికి, కింది నుంచి పైకి చూశాడు.

"పోలీసు అని కొడితే మీ మండలం స్టేషన్‌కి పోతుందండి. వాళ్ళు మీ ఊరొస్తారు. సముద్రానికి నా దగ్గర మత్స్యశాఖ ఒక్కటే ఉంది."

మత్స్యశాఖలో నమోదైంది. నంబరు వేసిన రసీదు ఇచ్చాడు. ఒక నకలు శ్రీకృష్ణ గారికి రిజిస్టర్ పోస్టు చేశాను, ఇంకోటి ఎంపీ గారి ఆఫీసులో ఇచ్చాను. మత్స్యశాఖ సంగతి ఎలా ఉన్నా ఢిల్లీలో నా అర్జీ తప్పక చదువుతారు. సూటిగా ఉంది. చదవకుండా ఉండలేరు.

ఫిబ్రవరి 18, బుధవారం

భస్మ బుధవారం. ఉపవాసం. ఫోన్ రాలేదు.

ఫిబ్రవరి 20, శుక్రవారం

మత్స్యశాఖ వాళ్ళు ఫోన్ చేశారు. బోటు మీ పేరు మీద ఉందా మీ ఆయన పేరు మీద ఉందా, లైసెన్సు నంబరు చెప్పండి అన్నారు. ఫోన్ పెట్టేసి నవ్వడం మొదలుపెట్టాను. ఎంతకీ ఆగలేదు. షారోన్ భయపడి నీళ్ళు తెచ్చింది.

ఫిబ్రవరి 25, బుధవారం

ఆయన మాట్లాడాడు.

మధ్యాహ్న భోజనం వేళ. కొత్త నంబరు. పిల్లల గోలలో వినపడక గుడ్ల పెట్టెలు పెట్టే గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. వెనక ఎవరో అరుస్తున్నారు, మనకి తెలియని భాష.

"కుమారీ, టైం లేదు, విను. నేవీ రావద్దని చెప్పు. ఎవరికి చెప్పాలో వాళ్ళకి చెప్పు. నిన్న పైన విమానం తిరిగింది. విమానం వచ్చినప్పుడల్లా నన్నూ బాషానీ పైకి లాక్కెళ్ళి తలకి తుపాకి పెడుతున్నారు. వాళ్ళు వస్తే ముందు పోయేది మేమే. కంపెనీని బేరం తేల్చమను. అంతే. నేవీ వద్దు."

"తిన్నారా?" అన్నాను. ఇంత చదువుకుని నేనడిగింది అది.

"బాషా వండుతున్నాడు. మన కారం వేస్తే వాళ్ళు తినలేక తిట్టుకుంటున్నారు" అన్నాడు. నవ్వబోయాడనుకుంటా. ఫోన్ కట్ అయింది.

దొంగలే అలా చెప్పమని ఉంటారు. అందరితోనూ అదే చెప్పిస్తారని బావగారు అంటున్నారు. అయ్యుండొచ్చు. కానీ కారం సంగతి చెప్పమని వాళ్ళు చెప్పరు కదా.

ఫిబ్రవరి 26, గురువారం

రెండో అర్జీ రాశాను. "దయచేసి బలగాలను పంపవద్దు." ఇంత బలహీనమైన అర్జీ నా జన్మలో రాయలేదు. చెయ్యమని అడగడం తెలుసు. చెయ్యొద్దని అడగడం తెలియదు.

నసీంకి ఫోన్ చేశాను. బాషా దాంతో కూడా మాట్లాడాడట. "నేనప్పుడే అన్నాగా అక్కా" అంటుందని ఎదురు చూశాను. అనలేదు.

మార్చి 2, సోమవారం

అదే హాలు, అదే అబ్బాయి. నా ఫోన్ నంబరు కొట్టగానే పాత అర్జీ వచ్చింది.

"ఇదే విషయం మీద ఇదివరకే ఉంది కదండీ."

"విషయం అదే బాబూ, అడిగేది వేరు. అప్పుడు పంపమన్నాను, ఇప్పుడు వద్దంటున్నాను. మొదటిది తీసెయ్యి."

"తీసే ఆప్షన్ లేదండి."

వెనక క్యూలో ఉన్నవాళ్ళు త్వరగా కానివ్వమంటున్నారు. బతిమాలాను. నేను బతిమాలడం ఆ హాలు మొదటిసారి చూసి ఉంటుంది. పోనీలే అని ఎక్కించాడు. బస్సు గుంటూరు దాటకముందే మెసేజ్ వచ్చింది. అదే అంశంపై మునుపటి అర్జీ పరిశీలనలో ఉన్నందున ఈ అర్జీ ముగించడమైనది.

మార్చి 3, మంగళవారం

శ్రీకృష్ణ గారికి ఫోన్ చేశాను. మొదటిది ఫైల్లో ఉందట. "చాలా సూటిగా రాశారమ్మా" అని మెచ్చుకున్నాడు. రెండోది ఈమెయిల్ చెయ్యమన్నాడు. చేశాను. అందిందన్నాడు.

"రెండూ ఫైల్లో ఉంటే దేన్ని చదువుతారండీ?"

"నిజం చెప్పమంటారా అమ్మా? దేన్ని బట్టీ నిర్ణయం జరగదు. అది చాలా పైన జరుగుతుంది. మాకు కూడా తెలియదు."

"మరెందుకు రాయమన్నారు?"

"చెప్పుకోవడానికి ఒక చోటుండాలి కదమ్మా" అన్నాడు.

పదిహేను రోజుల కిందట ఎవరైనా ఈ మాట అంటే ఇంతెత్తున లేచేదాన్ని. ఇవాళ మంచిదే అనుకున్నాను. నా అర్జీ ఎవరూ చదవరు. చదవకపోతేనే మేలు.

మార్చి 8, ఆదివారం

ఆరాధన అయ్యాక కల్లం వైపు వెళ్ళాను. ఇంట్లో కూర్చుంటే ఫోన్ వంకే చూస్తున్నానని షారోన్ తోలింది. ఆదెయ్య కాయలు ఎండబోసి ఉన్నాయి, పట్టాల మీద ఎర్రగా పొలం పొడుగునా. బావగారు కూడా అక్కడే ఉన్నారు. ఇద్దరూ నా మొగుడి గురించే వాదించుకుంటున్నారు. నన్ను చూసి కూడా ఆపలేదు.

"పోయినేడు ఈ కల్లంలోనే దొంగలు పడితే నేను మంచం దిగలా టీచరమ్మా" అన్నాడు ఆదెయ్య. "మేలుకొనే ఉన్నా. వాడి చేతిలో ఏముందో నాకేం తెలుసు? ఆరు బస్తాలు పోతే పోయినయ్యని కళ్ళు మూసుకున్నా."

"అందుకే ఈ ఏడు కూడా వచ్చారు" అన్నారు బావగారు.

"వచ్చారు. నిజమే."

"అదే ఆ రోజు లేచి ఒక్కణ్ణి కొట్టుంటే?"

"కొట్టుంటే నేనుండేవాణ్ణి కాదేమో జక్రయ్యా."

ఇద్దరూ నిజమే చెప్పారు. ఇంటికొచ్చినప్పటి నుంచీ అదే ఆలోచన. ప్రభుత్వం ఏం చెయ్యాలి? ఇస్తే దొంగలు మళ్ళీ వస్తారు, ఇంకో ఓడ పడుతుంది, ఇంకో ఊళ్ళో ఇంకో ఆడది ఇలా పుస్తకం ముందేసుకుని కూర్చుంటుంది. ఇవ్వకపోతే మనిషిని పోగొట్టుకునేది నేను. దొంగలకి అడ్డుకట్ట వెయ్యాలంటే ఓడ ఎక్కకముందే వెయ్యాలి. కాపలా లేనిదే మన మనిషిని ఎక్కనివ్వం అనాలి. జెండా ఎవరిదైతే వాళ్ళ మెడలు వంచాలి. ఆ తీరంలో చేపలు పట్టుకు బతికేవాళ్ళు దొంగలెందుకయ్యారో చూడాలి. శ్రీకృష్ణ గారే చెప్పాడు, పెద్ద దేశాల పడవలొచ్చి వాళ్ళ చేపలన్నీ ఊడ్చుకుపోయాయట. ఇవన్నీ చెయ్యాల్సిన పనులే. ఐదో తరగతి పిల్లాడిక్కూడా అర్థమవుతాయి. అన్నీ నిన్న చెయ్యాల్సినవి. ఇవాళ ఏం చెయ్యాలో ఎవరి దగ్గరా లేదు.

నేనే ప్రభుత్వమైతే? అడిగింది ఇచ్చేస్తాను. రేపటి ఓడలో వాళ్ళ సంగతి వాళ్ళ పెళ్ళాలు చూసుకుంటారు. నాకు నా మనిషి కావాలి. ఇలాంటి మనిషి ప్రభుత్వంలో ఉండకూడదు, సరే, నేను లేను కదా.

మార్చి 11, బుధవారం

ఫోన్ రాలేదు. షారోన్ ఫిజిక్స్ బాగా రాశానంది. అబద్ధం.

మార్చి 14, శనివారం

ప్రేమ్‌చంద్ ఫోన్. బేరం దగ్గరికొచ్చిందట. పది రోజులు ఓపిక పట్టమన్నాడు. నసీంకి చెప్తే అది ఫోన్లోనే ఏడ్చింది. "నీ నోటి చలవక్కా" అంది.

మార్చి 19, గురువారం

ఫోన్ రాలేదు.

మార్చి 24, మంగళవారం

పది రోజులు అయిపోయాయి. ఫోన్ రాలేదు.

మార్చి 28, శనివారం

రెండింటికి శ్రీకృష్ణ గారు.

"అమ్మా, తెల్లవారుజామున ఆపరేషన్ జరిగింది. ఓడ మన నేవీ చేతికొచ్చింది. పదహారు మంది క్షేమం."

"పదిహేడు కదండీ."

"ఒకరు... పేరింకా మాకు రాలేదమ్మా."

బేరం దగ్గరికొచ్చిందన్నారు కదా అన్నాను. "దొంగలు ఓడని లోపలి రేవుకి మార్చబోతున్నారని సమాచారం వచ్చిందట. అక్కడికి పోతే ఇక అందరు. అందుకని" అన్నాడు.

మూడున్నర గంటలు గడిచాయి. ప్రార్థన చేశాను. ఏమని చేశానో ఇక్కడ రాయను.

రాస్తాను. ఇంకెవరూ చూడరు. మా ఆయన కాకూడదని చేశాను. అంటే ఇంకెవరో కావాలనే కదా. పదహారు ఇళ్ళల్లో ఏ ఇంటికైనా సరే అన్నాను దేవుడితో. కనిగిరి ఇంటిని కూడా మినహాయించలేదు.

ఐదూ నలభైకి ఆయన గొంతు. "కుమారీ" అన్నాడు. షారోన్ కెవ్వున అరిచింది, వాకిట్లో వాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలోనే ఆయన చెప్పాడు. బాషా.

ఫోన్ పెట్టగానే నసీం చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు.

మార్చి 29, మట్టల ఆదివారం

గుడి నిండా ఈతమట్టలు, పిల్లల హోసన్నాలు. దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమని నన్ను లేపారు. "పదహారు మంది వచ్చారు" అన్నాను. ఇంకేం రాలేదు నోట్లోంచి. సంతోషంతో మాట పెగలడం లేదని బావగారు మైకు తీసుకుని మిగతాది ఆయనే చెప్పారు. నా అర్జీ గురించి కూడా చెప్పారు. ఫ్లెక్సీ వేయిద్దాం అని ఆదెయ్య బయట అందరి ముందూ అన్నాడు. వద్దన్నాను. ఎంత గట్టిగా అన్నానో తెలియదు.

నా అర్జీ ఎవరూ చదవలేదు. శ్రీకృష్ణ గారే చెప్పాడు. దేన్ని బట్టీ జరగదని చెప్పాడు. రెండోది కూడా పంపాను. అందిందన్నాడు.

ఏప్రిల్ 4, శనివారం

కనిగిరి వెళ్ళాను. శవపేటికతో పాటు కరుణాకర్ కూడా ముంబై నుంచి అటే వచ్చాడు. సగమైపోయాడు. నన్ను చూసి తల ఊపాడు, అంతే. మగవాళ్ళతో కలిసి ఖబరస్తాన్‌కి నడిచాడు.

నసీం గోడకానుకుని కూర్చుంది. పక్కన కూర్చున్నాను. నా చెయ్యి పట్టుకుంది. "అన్నకి దెబ్బలేమన్నా తగిలినయ్యా అక్కా?" అంది. లేదన్నాను. "అల్లా దయ" అంది.

ఆ రోజు ఫోన్ ఎందుకు ఎత్తలేదని అడగలేదు. అడిగితే చెప్పడానికి ఒక అబద్ధం సిద్ధం చేసుకుని వెళ్ళాను, అది అవసరం పడలేదు.

తిరిగొచ్చేటప్పుడు కారులో ఆయన చెప్పాడు. చప్పుడు కాగానే ఎప్పటిలాగే ఇద్దర్నీ పైకి లాక్కెళ్ళారు. పొగ. బాషా ముందున్నాడు, తను వెనక. ఎవరి తూటా అన్నది ఎవరికీ తెలియదు. "నేవీ వాళ్ళని తప్పు పట్టలేను కుమారీ. ప్రాణాలకి తెగించి వచ్చారు, నన్ను బతికించారు" అన్నాడు. కొంచెం దూరం పోయాక, "రావద్దని చెప్పమన్నాను. చెప్పావా?"

"చెప్పాను" అన్నాను. నిజమే కదా. చెప్పాను.

ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం

ఈ పొద్దున ఆటోలో ఊళ్ళోకి వచ్చాం. నిన్న రాత్రికి గుంటూరులో మా తమ్ముడింట్లో ఆగాం. బస్టాపు దగ్గర ఫ్లెక్సీ. ఆటో ఎత్తుంది. ఒక పక్క యుద్ధనౌక, ఒక పక్క నల్లముసుగుల కమాండోలు, మధ్యలో టీచర్స్ డే నాటి నా ఫోటో. "మన టీచరమ్మ అర్జీ. కదిలివచ్చిన నేవీ." కింద మూలన ఆయన పాస్‌పోర్టు ఫోటో. బాషా ఎక్కడా లేడు.

ఆయన ఆటో ఆపించి దిగాడు. యంత్రానికి అంటించిన సూచనలు చదివినట్టు పైనుంచి కింది దాకా అంతా చదివాడు.

"ఏం అర్జీ?" అన్నాడు.

చెప్పాను. బలప్రయోగంతోనైనా అన్న మాట కూడా చెప్పాను. దాచి ఏం ప్రయోజనం, రెండు వందల మందికి తెలుసు.

"ఎప్పుడు రాశావు?"

"ఫిబ్రవరి పద్నాలుగు."

"నేను ఫోన్ చేసింది?"

"ఇరవై ఐదున. తర్వాత వద్దని కూడా రాశానండీ. తీసుకోలేదు."

"బాషా భార్యకి తెలుసా?"

"ఆ అమ్మాయి సంతకం కూడా ఉంది."

సరే అన్నాడు. ఆటో ఎక్కాడు. షారోన్ వెళ్ళి ఫ్లెక్సీ చింపేసిందని బావగారికి కోపమొచ్చింది. మంచి పని చేసిందన్నాను. కానీ ఆయన చదవడం అయిపోయాక చింపింది.

ఏప్రిల్ 9, గురువారం

ఆయన భోజనంలో కారం వేసుకోవడం లేదు.

ఏప్రిల్ 13, సోమవారం

పొద్దున నసీం ఫోన్ చేసింది. ఈసారి మొదటి రింగుకే ఎత్తాను.

పిల్లలకి ఏదైనా ఇప్పించమని ప్రభుత్వానికి రాసుకోవాలట, ఎవరో చెప్పారట. భర్త పోయాక పాటించే ఇద్దత్ గడువు అయ్యేదాకా అది గడప దాటకూడదు. నాలుగు నెలల పైన.

"నువ్వే రాసి, ఆ సోమవారం ఆఫీసులో ఇవ్వక్కా. ఏం అడగాలో నాకు తెలవదు. ఒక్కటే అడగాలన్నావుగా, ఏదో నువ్వే చూడు. నువ్వు రాస్తే పనయిద్ది."

ఎత్తిపొడుపేమో అని విన్నాను. అలా ఉంటే నాకు తేలికయ్యేది. కాదు. అది మనస్ఫూర్తిగానే అంది.

బడి నుంచి వచ్చి కాగితం తీసుకుని వరండాలో కూర్చున్నాను. ఆయన మంచం మీద అటు తిరిగి పడుకుని ఉన్నాడు, నిద్రపోవడం లేదు. నాలుగూ పదికి ఫోన్ మోగింది. రికార్డు చేసిన ఆడ గొంతు.

"నమస్కారం. ఫిబ్రవరి పదహారున మీరు సమర్పించిన అర్జీ పరిష్కరించబడినది. పరిష్కారం పట్ల మీరు సంతృప్తి చెందితే ఒకటి నొక్కండి. చెందకపోతే రెండు నొక్కండి."

ఆయన ఇటు తిరిగాడు. వినపడుతోంది.

ఒకటి నొక్కితే, నసీం మొగుడు పోయినా నాకు సంతృప్తిగానే ఉందని. రెండు నొక్కితే, ఈ మంచం మీద మనిషి బతికి రావడం నాకు సంతృప్తిగా లేదని. రెండు నొక్కితే అర్జీ మళ్ళీ తెరుస్తారు. తెరిచి ఏం అడగను? ఆమె మళ్ళీ చెప్పింది. మూడోసారి కూడా చెప్పింది. నా వేలు నొక్కలేదు. ఫోన్ దానంతటదే ఆగిపోయింది.

"ఎవరు?" అన్నాడు ఆయన.

"ఆఫీసు వాళ్ళు."

రెండు నిమిషాలకి మెసేజ్ వచ్చింది. మీ నుండి స్పందన రానందున, మీరు సంతృప్తి చెందినట్లుగా పరిగణించి అర్జీ ముగించడమైనది.

నసీం కాగితం మీద విషయం అని రాసి, పక్కన రెండు చుక్కలు పెట్టాను. చీకటి పడుతోంది. ఇంకా అక్కడే ఉన్నాను.